పార్శ్వపు నొప్పికి ఫోను ద్వారా యోగసాధన
(అహోబిలమున పంచాయతీ సభ్యుల సమక్షమున మా శాఖ పక్షమున చేసిన ప్రసంగ పాఠము)



పంచాయతీవారు కూర్చున్న చోట మంచినీటి గొట్టము, వీధిదీపము, మురుగు కాలువ, ఇంటిపన్ను ముచ్చటకు వచ్చుట పరిపాటి. తలనొప్పిని గురించి చెప్పుటకు ప్రచార శాఖవారు ఆళ్లగడ్డ దాటి ఇంతదూరము రావలెనా యని మీలో కొందరికి తోచవచ్చును. తలనొప్పి ఎవరికి రాదు, వచ్చినది పోదా యనియు అనుకొనవచ్చును. మేము చెప్పబోవునది అట్టి తలనొప్పి కాదు. నెలకు నాలుగు మారులో ఎనిమిది మారులో మనిషిని మంచమున పడవేసి, పనికి పోనీయక, అన్నము తిననీయక, వెలుతురు చూడనీయక బాధించు పార్శ్వపు నొప్పిని గురించి. దీనిని ఒంటి తలనొప్పి యనియు అందురు. ఆయుర్వేదమున అర్ధావభేదకమను పేర చెప్పబడినది. డాక్టర్లు మైగ్రేను అందురు.

ఇది ఎవరో కొందరికి వచ్చు వింత వ్యాధి కాదు. మన పొరుగున కర్ణాటకలో, బెంగుళూరు నగరమునందును దాని చుట్టుపట్ల పల్లెలందును ఇంటింటికి పోయి విచారించి చేసిన పరిశోధన యొకటి 2015లో ప్రకటింపబడినది. పెద్దవారిలో ప్రతి నలుగురిలో ఇంచుమించు ఒకరికి సంవత్సరములో ఎప్పుడో ఒకప్పుడు మైగ్రేను వచ్చినదని అందు తేలినది. స్త్రీలను మాత్రమే లెక్కించినచో ముగ్గురిలో ఇంచుమించు ఒకరు. అన్ని విధములైన తలనొప్పులను కలిపి చూచినపుడు పట్టణవాసులకంటె పల్లెవాసులకే ఎక్కువ. ఇది పట్టణపు జబ్బు, కుర్చీలో కూర్చుండి వ్రాతపని చేయువారి జబ్బు అను అభిప్రాయము నిలువదు.

ఈ నొప్పి సామాన్యముగా తలకు ఒక ప్రక్కన మొదలై, నాడి కొట్టుకొన్నట్లు పోటు పెట్టును. నాలుగు గంటలు మొదలు మూడు దినముల వరకు నిలుచును. కడుపులో త్రిప్పును, వాంతి యగును. వెలుగును, చప్పుడును సహింపజాలరు. కొందరికి నొప్పికి ముందు కన్నుల యెదుట మెరుపు గీతలు కనబడును. తల్లికి ఉన్నచో బిడ్డకు వచ్చుటయు కద్దు. మెదడును, దాని నరములును అతి సున్నితములై చిన్న మార్పునకే పెద్ద గగ్గోలు చేయుట దీని స్వభావము. నిద్ర తగ్గుట, ఆకలితో నుండుట, నీరు త్రాగకుండుట, ఎండ, మనోవ్యథ, స్త్రీలకు నెలసరి దినములు దీనిని రేపును. దిష్టి తగిలినదనియు, గాలి సోకినదనియు తలచి దినములు గడుపువారు నేటికిని ఉన్నారు. ఇది దిష్టి కాదు. నటనయు కాదు. పైకి గాయము కనబడదు, ఒంటిని తాకి చూచిన జ్వరము ఉండదు. కావున పని తప్పించుకొనుటకు పడుకొన్నదను నింద కోడలిపై పడుట మన యిండ్లలో క్రొత్త కాదు. ఆ నింద నొప్పికంటె ఎక్కువ బాధించునని స్త్రీలు చెప్పుచుందురు.

ఈ ప్రాంతపు బ్రతుకు తీరును చూచినచో నొప్పిని రేపు కారణములన్నియు ఒకచోట చేరినట్లుండును. వేసవిలో ఎండ నలభై డిగ్రీలు దాటును. మిరపకోతకు, ప్రత్తితీతకు వేకువనే బయలుదేరు స్త్రీలు చాలమంది పరగడుపున పోయి, ప్రొద్దెక్కిన పిదపనే సద్ది విప్పుదురు. చేనిలో మరుగుచోటు లేనందున కావలెననియే నీరు తక్కువ త్రాగుదురు. ఈ మాట సభలో చెప్పుటకు కొందరు సంకోచింతురు గాని, చెప్పవలసిన మాటయే. ఆళ్లగడ్డ శిల్పులు రాతికోత యంత్రముల చప్పుడులో, దుమ్ములో దినమంతయు కూర్చుందురు. నవనారసింహుల దర్శనమునకు ఉపవాసముతో కొండ యెక్కు యాత్రికులలోను తల పట్టుకొని మెట్లపై కూలబడువారు ఉందురు. కూలి జీవనము గల యింట ఒక స్త్రీ నెలకు ఆరు దినములు మంచము పట్టినచో ఆరు కూళ్లు పోయినట్లే. ఆ నష్టము ఏ రిజిస్టరులోను ఎక్కదు.

ఆ కూలిని నిలుపుకొనుటకే ఆమె బిళ్లను ఆశ్రయించును. బిడ్డను దుకాణమునకు పంపి నొప్పిబిళ్ల తెప్పించుకొని, మ్రింగి, చేనికి పోవును. అప్పుడప్పుడైనచో దోషము లేదు. కాని సామాన్యపు నొప్పిబిళ్లలను నెలకు 15 దినములు గాని అంతకు మించి గాని, రెండు మూడు మందులు కలిపిన బిళ్లలను 10 దినములు గాని అంతకు మించి గాని, నెలల తరబడి వాడినచో ఆ బిళ్లయే తలనొప్పిని పెంచునని వైద్యులు నిర్ధారించినారు. నొప్పికి బిళ్ల, బిళ్లకు నొప్పి. దీనికి తోడు కొన్ని జాతుల నొప్పిబిళ్లలు కడుపులో పుండు చేయును, మూత్రపిండములను చెడగొట్టును. ఎండలో నీరు లేక పనిచేయు మనిషికి ఈ రెండవ ప్రమాదము మరింత ఎక్కువ.

మైగ్రేనుకు వైద్యము లేదనుకొనుటయు పొరపాటే. నొప్పి వచ్చినపుడు తగ్గించు మందులు కొన్ని, రాకుండ నిత్యము వాడవలసిన మందులు కొన్ని గలవు. ఏది ఎవరికి తగునో డాక్టరు చెప్పవలెను. ఈ మాట ముందుగా ఎందుకు చెప్పుచున్నామనగా, మేమిప్పుడు యోగమును గురించి చెప్పబోవుచున్నాము. యోగము మందునకు తోడు, మందునకు బదులు కాదు. ఈ ఒక్క సంగతి మరచినచో మా ప్రసంగము వలన మేలుకంటె కీడే ఎక్కువ యగును.

అహోబిలమువారికి యోగమను మాట క్రొత్తగా నేర్పనక్కరలేదు. దిగువ అహోబిలము చెంతనే యోగానంద నరసింహస్వామి సన్నిధి యున్నది. హిరణ్యకశిపుని సంహరించిన స్వామి ఉగ్రము విడిచి, ప్రహ్లాదునకు యోగవిద్య నుపదేశించెనని స్థలపురాణము చెప్పును. అయినను పురాణమును చూపి వైద్యమును నిరూపింపలేము. పరీక్ష చేసి, లెక్క తీసి చూడవలెను. అట్టి పరీక్షలు మన దేశముననే జరిగినవి.

జయపురములో 72 మంది మైగ్రేను రోగులపై మూడు నెలలు జరిగిన పరీక్ష 2007లో వెలువడినది. యోగము చేసినవారికి నొప్పి వచ్చు మారులును, నొప్పి తీవ్రతయు తగ్గినవి. అంతకంటె పెద్దది న్యూఢిల్లీలో ఎయిమ్స్ అని ప్రసిద్ధమైన అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థవారు చేసి, 2020లో ‘న్యూరాలజీ’ యను అంతర్జాతీయ వైద్యపత్రికలో ప్రకటించినది. అందు 160 మందిని చేర్చుకొని రెండు భాగములు చేసినారు. ఒక భాగమువారికి మందులు మాత్రమే. రెండవ భాగమువారికి మందులతోబాటు యోగము. మూడు నెలలు గడచునప్పటికి మందులు మాత్రమే వాడినవారికి నెలసరి తలనొప్పులు సగటున 7.7 నుండి 6.8కి తగ్గినవి. యోగము కూడ చేసినవారికి 9.1 నుండి 4.7కి తగ్గినవి, అనగా ఇంచుమించు సగము. మ్రింగు బిళ్లలు యోగము చేసినవారిలో 47 శాతము తగ్గగా, తక్కినవారిలో 12 శాతము మాత్రమే తగ్గినవి. సగము బిళ్లలు తగ్గుట యనగా కూలివానికి ఏమి మిగులునో, మూత్రపిండములకు ఎంత మేలో మీరే ఊహింపుడు.

ఈ లెక్కలను తూచి తీసుకొనవలెను. తాము యోగము చేయుచున్న సంగతి వారికి తెలియును గనుక, బాగున్నదని చెప్పుటలో ఆశ పాలు కొంత ఉండవచ్చును. నొప్పి ఎంత తగ్గినదో వారు చెప్పిన మాటయే ఆధారము. అప్పుడప్పుడు వచ్చు మైగ్రేను గలవారిపైననే ఆ పరీక్ష జరిగినది. నెలకు 15 దినములు, అంతకు మించి తల నొచ్చువారికి అంత మేలు కలుగునని దానినిబట్టి హామీ ఇయ్యలేము. వారు ముందు డాక్టరును చూడవలెను. మరియొక సంగతి. చేరినవారు 160 మంది, కడవరకు నిలిచినవారు 114 మంది. ఢిల్లీ నగరములో, పెద్ద వైద్యశాలవారి పర్యవేక్షణలోనే 46 మంది మధ్యలో విడిచినారు. పల్లెలో ఎందరు విడుతురో ఆలోచింపుడు. యోగము నేర్పుట కంటె యోగము విడువకుండ నిలుపుట కష్టమని మా అభిప్రాయము, పంచాయతీ సాయము కావలసినది అచ్చటనే.

మరి ఆ యోగమును ఎట్లు నేర్పినారు? మొదటి నెల వారమునకు మూడు దినములు, దినమునకు ఒక గంట, గురువు ఎదుట. తరువాతి రెండు నెలలు వారమునకు ఐదు దినములు ఎవరి యింట వారు. నల్లమల అంచున నున్న మన పల్లెలలో వైద్యుల పరీక్షకు నిలిచిన యోగచికిత్స తెలిసిన గురువు వారమునకు మూడు దినములు దొరకునా? దొరకడు. ఫోను పాఠము ఇచ్చటనే అక్కరకు వచ్చును.

2020లో కోవిడ్ మహమ్మారి వచ్చి తలుపులన్నియు మూసినపుడు బడి పాఠములతోబాటు యోగ పాఠములును ఫోనులోనికి ఎక్కినవి. మహమ్మారి పోయినను ఆ పద్ధతి నిలిచినది. 2025 జూన్ 21న అంతర్జాతీయ యోగ దినోత్సవమునకు విశాఖపట్నపు సముద్రతీరమున లక్షల జనము చేరి ఆసనములు వేయుట మీరు టీవీలో చూచియుందురు. ఉత్సవము మంచిదే. కాని పార్శ్వపు నొప్పి గలవారికి ఒకనాటి ఉత్సవముతో పని తీరదు. ఆమెకు కావలసినది తన యూరిలో, తనకు వీలైన వేళ, దినమునకు అరగంట, నెలల తరబడి. మీ ఆచారమునే తలచుకొనుడు. కనుమనాడు స్వామి పార్వేటకు బయలుదేరి నలుబది దినములకు పైగా ముప్పదికి మించిన పల్లెలు తిరుగును. కొండకు రాలేనివారి గుమ్మమునకే స్వామి వచ్చును. పట్టణపు యోగగురువు ఫోను ద్వారా ఊరికి వచ్చుటను అట్లే భావింపవచ్చును.

అయితే ఫోను పాఠమును ఢిల్లీ పరీక్షతో సమానమని మేము చెప్పజాలము. అచ్చట మొదటి నెల గురువు కంటి యెదుట నుండెను. మెడ వంచుటలో తప్పు పోయినచో చేయి వేసి సరిచేసెను. ఫోనులో ఆ చేయి లేదు. కావున మా సలహా యేమనగా, మొదటి వారము పది దినములు గురువును ఊరికి పిలిపింపుడు. జిల్లా ఆయుష్ అధికారులను, ఆళ్లగడ్డలోని ప్రభుత్వ వైద్యశాలవారిని అడిగినచో అర్హత గలవారి జాడ తెలియును. పాఠము కుదిరిన పిదప అదే గురువు ఫోనులో నడపవలెను. ఒక పాఠమునకు పది పన్నెండు మందికి మించరాదు. అంతకు మించినచో గురువునకు ఎవరి మెడ ఎట్లున్నదో తెలియదు. ముందుగా పట్టి యుంచిన చిత్రములను చూచి తమంత తాము నేర్చుకొనుట ఆరోగ్యవంతులకు చెల్లును, రోగులకు చెల్లదు.

చేయవలసిన సాధన కష్టమైనది కాదు. మెడను, భుజములను మెల్లగా త్రిప్పి సడలించుట. వెల్లకిల పడుకొని మోకాళ్లను పొట్టకు చేర్చు పవనముక్తాసనము. నిదానముగా, లెక్కతో ఊపిరి పీల్చి విడుచుట. తుమ్మెద నాదము చేయు భ్రామరి. కడకు శవాసనమున దేహమంతయు వదలి విశ్రమించుట. ఇందు శవాసనమును చాలమంది తేలికగా చూతురు. కాని పగలంతయు వంగి పనిచేయు స్త్రీకి మెడ, భుజములు సడలి, పది నిమిషములు ఎవరును పిలువక పడుకొను భాగ్యము మరెప్పుడును లేదు. నెమ్మదియైన శ్వాస వలన గుండె వేగము తగ్గి, నరముల బిగువు సడలి, నిద్ర కుదురుట వలన నొప్పులు తగ్గుచున్నవని వైద్యులు భావించుచున్నారు.

తల్లక్రిందులుగా నిలుచు శీర్షాసనము, వేగముగా ఊపిరి కొట్టు కపాలభాతి, ఊపిరి బిగపట్టు సాధనలు ఈ రోగులకు వలదు. రక్తపుపోటు, కంటిలో నీటి ఒత్తిడి గలవారు, గర్భిణులు డాక్టరు మాట లేనిదే ఏదియు మొదలుపెట్టరాదు. నొప్పి వచ్చియుండగా ఆసనములు వేయరాదు. చీకటి గదిలో, చల్లని తడిగుడ్డ నుదుట వేసికొని, డాక్టరిచ్చిన మందు తొలి ఘడియలోనే వేసికొని పడుకొనవలెను.

ఫోనుతో వచ్చు చిక్కు ఒకటి యున్నది. మైగ్రేను గలవారికి వెలుతురు శత్రువు. చిన్న ఫోను తెరను ముఖము దగ్గర పెట్టుకొని అరగంట చూచినచో తలనొప్పికి చేసిన సాధనయే తలనొప్పిని తెచ్చును. కావున తొలి దినములలో బడిలోనో పంచాయతీ కార్యాలయములోనో నున్న పెద్ద తెరపై, వెలుతురు తగ్గించి, ఎడముగా కూర్చుండి చూడవలెను. సాధన అలవడిన పిదప చూడనక్కరలేదు. గురువు మాట వినుచు కన్నులు మూసికొని చేయుటయే మేలు. వినుటకు మాత్రమే యైనచో సిగ్నలు తక్కువ చాలును. కొండ నీడన నున్న పల్లెలకు ఇది మరింత అనుకూలము.

ఫోను ఎవరి చేతిలో నున్నదను ప్రశ్నయు వేసికొనవలెను. చాల యిండ్లలో ఇంటర్నెట్టు గల ఫోను మగవాని జేబులో నుండును. పాఠపు వేళకు అతడు పొలముననో బజారుననో ఉండును. ఇంటింటికి ఫోను ఉన్నదిగదా యని పంచాయతీవారు తృప్తి పడినచో ఆ పాఠము అవసరమైనవారికి అందదు. కాబట్టియే మేము పంచాయతీని అడుగుచున్నాము. రాజ్యాంగపు 73వ సవరణతో వచ్చిన పదునొకండవ షెడ్యూలున పంచాయతీలకు చెప్పిన విషయములలో ఆరోగ్యము, పారిశుధ్యము ఉన్నవి. పార్శ్వపు నొప్పి ఆ మాటలో చేరదని ఎవరును అనలేరు. కావలసినది భవనము కట్టించుట కాదు. ఉన్న గదులలో ఒకటి, వారమునకు ఐదు దినములు ఒక గంట, ఊడ్చి, చాపలు పరచి, తలుపు మూసికొనుటకు వీలుగా ఇచ్చిన చాలును. ఆ గంటలో ఆ గది ముందర పిల్లల కేకలు, మైకు చప్పుడు లేకుండ చూడవలెను. పనికాలమున వేకువ వేళ కుదరదు. చీకటి పడిన పిదప వంటలు ముగిసినవేళ కుదురునేమో, స్త్రీలనే అడిగి నిర్ణయింపుడు. ఆ వేళకు ఇంటి పని కొంత మగవారు చేయవలసి యుండును, ఆ మాట మా వంటివారికంటె మీ నోట వచ్చుట మేలు.

యోగము ఒక మతమువారిదను సందేహము కొన్ని యిండ్లలో ఉండవచ్చును. ఢిల్లీలోను, జయపురములోను చూచినది నొప్పిని, కుల మతములను కాదు. మంత్రము, ప్రార్థన ఎవరికి ఇష్టమైనది వారు చేసికొనవచ్చును, చేయకున్నను సాధనకు లోటు లేదు. ముస్లిము, క్రైస్తవ సోదరీమణులును, చెంచు గూడెములవారును నిస్సంకోచముగా రాగలిగినట్లు ఆ గదిని ఉంచవలెను.

గదిలో చేర్చుకొనుటకు ముందు ప్రతి యొక్కరిని ఆరోగ్య కార్యకర్త చేత విచారింపజేయవలెను. ఊరి ఆరోగ్య ఉపకేంద్రము నుండియే దూరపు డాక్టరుతో మాట్లాడించు ఈ-సంజీవని పద్ధతి 2019 నవంబరులో దేశమున మొదట ఆంధ్రప్రదేశ్‌లోనే అమలునకు వచ్చినది. దానిని వాడుకొనుడు. ఎందుకనగా ప్రతి తలనొప్పియు మైగ్రేను కాదు. పిడుగు పడినట్లు ఒక్కసారిగా వచ్చిన భరింపరాని నొప్పి, జ్వరముతో మెడ బిగుసుకొనుట, మాట తడబడుట, కాలో చేయో పడిపోవుట, చూపు తగ్గుట, తలకు దెబ్బ తగిలిన పిదప వచ్చిన నొప్పి, ఏబది యేండ్లు దాటిన పిదప క్రొత్తగా మొదలైన నొప్పి, గర్భిణికి గాని బాలింతకు గాని వచ్చిన తీవ్రమైన నొప్పి - ఇందు ఏది కనబడినను వెంటనే వైద్యశాలకు చేర్చవలెను. హఠాత్తుగా వచ్చినచో 108కి ఫోను చేయవలెను. అట్టి వేళ చాప పరచి ఊపిరి లెక్కించు మనిషిని ఎవరు చూచినను లేపి బండి యెక్కింపవలెను.

ఫోనులో మంచి గురువులున్నట్లే మాయమాటలవారును ఉన్నారు. మూడు దినములలో మైగ్రేను మాయమగునని చెప్పువాడు, డాక్టరు మందులు మానుమనువాడు, పాఠము మధ్యలో పొడి పొట్లము అమ్మువాడు, ముందుగా డబ్బు పంపుమనువాడు గురువు కాడు. నిత్యము వాడు మందును తటాలున మానినచో కొందరికి నొప్పి రెట్టించి వచ్చును. మందు తగ్గించుట డాక్టరు పని.

ఇక లెక్క పెట్టు పద్ధతి. చదువురాని అమ్మకును ఇది సులభము. గోడకు వ్రేలాడు తెలుగు క్యాలెండరులో తల నొచ్చిన దినమున ఒక చుక్క, బిళ్ల వేసికొన్న దినమున ఒక అడ్డగీత పెట్టవలెను. యోగము మొదలుపెట్టుటకు ముందు ఒక నెల, పిదప మూడు నెలలు. నిద్ర లేని రాత్రియో, ఉపవాసమో, ఎండపనియో ముందునాడు ఉండినచో దానికొక గుర్తు. రెండు నెలలు తిరుగునప్పటికి తనకు నొప్పిని రేపునదేదో ఆమెకే తెలిసిపోవును. కొందరికి పరగడుపున పనికి పోకుండుటయు, చెంబెడు నీరు చేనికి తీసికొనిపోవుటయు యోగమంత మేలు చేయును. అందుకు చేని చెంత మరుగుదొడ్డి వసతి గురించి ఆలోచించుటయు మీ పనియే, అది వేరొక సభలో ముచ్చటింతము.

మూడు నెలలు నిండిన పిదప ఆశా కార్యకర్త ఆ క్యాలెండర్లు చూచి చుక్కలు లెక్కించి, పేర్లు సభలో చదువక, తగ్గినవారెందరో, తగ్గనివారెందరో, విడిచినవారెందరో, ఎందుకు విడిచినారో పంచాయతీకి చెప్పవలెను. తగ్గనివారిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు డాక్టరు చూచి, అవసరమైనచో కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాలలోని నాడీవైద్యులకు పంపుదురు. ఆ క్యాలెండరును చుట్టి వెంట తీసికొనిపోవలెను. నెలకు ఎన్ని మారులు వచ్చునమ్మా, ఎన్ని బిళ్లలు వేసికొందువమ్మా అని అచ్చటి డాక్టరు అడుగు మొదటి రెండు ప్రశ్నలకు సమాధానము అందే యుండును.